సెలూను వెనక నవరంగం

కాడుగోడి రైల్వే స్టేషను దగ్గర నాకొక సెలూను ఉంది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు. పని చేసేది నేనొక్కణ్ణే. రెండో కుర్చీలో వంతు కోసం కాచుకునేవాళ్ళు కూర్చుంటారు. నేను మాట్లాడే మంగలిని కాను. ఈ పెద్దమునియప్ప దగ్గర తల పెడితే హాయిగా నిద్రపోవచ్చని ఊళ్ళో అంటారు. కొందరు అందుకే వస్తారు, కొందరు అందుకే రారు.

మంగళవారం మా పనికి రజా, అంటే సెలవు. బెంగళూరులో ఏ సెలూనైనా అంతే. నరసింహప్పకి కూడా మంగళవారమే రజా ఉండేది. అతను పనిచేసేది హొసకోటె దగ్గర బోల్టుల ఫ్యాక్టరీలో. కరెంటు చాలదని ఆ రోజుల్లో ఒక్కో ఫ్యాక్టరీని వారంలో ఒక్కో రోజు మూసేవాళ్ళు. వాళ్ళ వంతుకి మంగళవారం పడింది. ఊరంతా పనికి పోయిన రోజు ఊరికే ఉండే మగవాళ్ళం మేమిద్దరమే. అలా చెరువు కట్ట మీద కలిశాం.

వానలు వెనకబట్టాక చెరువుకి ఎక్కడెక్కడి పిట్టలో దిగేవి. మొదట తోక ఊపుకుంటూ నడిచే పిట్ట వచ్చేది, ఆయుధపూజకి అటూ ఇటూగా. తరువాత బాతులు. వాటికి మేం పెట్టుకున్న పేర్లే పేర్లు. గరిటె లాంటి ముక్కు ఉన్నదాన్ని గరిటెమూతి బాతు అనేవాళ్ళం. పొద్దున పోయి కూర్చుంటే ఎండ మండేదాకా కూర్చునేవాళ్ళం. మాటలు నరసింహప్పవి, వినడం నాది. ఆ ఏడు కొత్తగా దిగిన పిట్ట ఎవరికి కనబడినా మొదట రెండోవాడికి చూపించాలి, అతను చూసేదాకా ఇంకెవరికీ చెప్పకూడదు. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు. అలా నడిచిపోయింది.

మా ఇద్దరికీ కనబడనిది ఒక్కటే, నవరంగం. కన్నడవాళ్ళు దాన్ని అలా అంటారు, ఒంట్లో తొమ్మిది రంగులని. దారిలో పోతూ పోతూ మా వైపు ఆగుతుంది, నాలుగు రోజులు ఉంటుంది, వెళ్ళిపోతుంది. సందెవేళ పొదల్లోంచి దాని ఈల వినబడేది. ఎవరినో పిలిచినట్టు రెండే ముక్కలు. మేం లేచి వెళ్ళేసరికి పొద ఖాళీ. "ఇది మనల్ని చూస్తాండాది గానీ మనకి చూపీదు" అనేవాడు నరసింహప్ప.

తరువాత ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమాని వారం రజాని ఆదివారానికి మార్చాడు.

"ఆదివారం అంటప్పా. ఇంక అందరి మాదిరి మనిషినైతిని" అన్నాడు నరసింహప్ప సంతోషంగా.

"మంచిది" అన్నాను.

ఆదివారం సెలూనువాడికి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే మెట్ల మీద జనం ఉంటారు. మంగళవారం నేనొక్కణ్ణే కట్ట మీదికి పోయేవాణ్ణి. బాతులు అవే. ఎందుకో తొందరగా ఇంటికి వచ్చేసేవాణ్ణి.

ఆదివారం కట్ట మీద నరసింహప్పకి కౌశల్ దొరికాడు. విజయవాడ పిల్లవాడు. వైట్‌ఫీల్డులో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం, సొంత కారు, మెడలో బైనాక్యులర్. ఇంకా ఇద్దరు ముగ్గురు స్నేహితులను కూడా తెచ్చేవాడు. పిట్టలు చూడడం అయ్యాక అందరూ నా సెలూనుకే వచ్చేవాళ్ళు, కౌశల్ కటింగుకి, మిగతావాళ్ళు కబుర్లకి.

"బాబాయ్, ఈ రోజు లక్కీ డే అసలు! మార్ష్ హ్యారియర్ మా నెత్తి మీద నుంచే పోయింది. నరసింహప్పగారే ఫస్ట్ స్పాట్ చేశారు."

"మార్స్ హేరియరు" అన్నాడు నరసింహప్ప, కాఫీ గ్లాసు పట్టుకుని.

"చెరువు గద్ద" అన్నాను నేను.

"అదేనప్పా. ఇంగ్లీషులో అట్లంటారు."

"గద్దకి తెలుసునా?"

సెలూనంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది కౌశల్. అతనికి కోపం వచ్చి ఉంటే నాకు బాగుండేది.

మంచి పిల్లవాడు, అదే ఇబ్బంది. నన్ను కూడా రమ్మని ఎన్నోసార్లు పిలిచాడు. తన పాత బైనాక్యులర్‌ని నరసింహప్పకి ఇచ్చేశాడు. ఆ నల్లపట్టీ రంగు చెమటకి నరసింహప్ప మెడకి అంటుకుంది. ఒక బుధవారం గడ్డం గీస్తూ తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. ఇంకొంచెం గట్టిగా తుడిచాను.

"ఏమప్పా, తోలు ఊడదీస్తావా?"

"మరక."

"ఉండనీ. అది మరక కాదు, పట్టీ గుర్తు."

ఉండనిచ్చాను. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నా భార్య అనసూయ కంచం వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. "మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకుంటే ఆడోళ్ళు ఇట్లే కూర్చుంటారు. నీకేమొచ్చె ఈ వయసులో?" అంది. చెప్పడానికి ఏముంది, ఉన్నదే అన్నది.

ఆ ఏడు దీపావళికి ముందు ముసురు పట్టి విడిచింది. సోమవారం పొద్దున సెలూను వెనక తలుపు తీసి వెంట్రుకలు పారబోయడానికి పోయాను. వెనక ఎప్పుడో మూతబడిన టింబరు డిపో ఆవరణ. రెండు కానుగ చెట్లు, చుట్టూ ముళ్ళపొదలు, కింద మందంగా కుళ్ళిన ఆకు. ఆ ఆకుల్లో ఏదో కదిలింది. ఎలుక అనుకున్నాను. అది ఎగిరి రెండు గెంతులు వేసి నిలబడింది.

పచ్చని వీపు. రెక్క మీద నీలం ముక్క, కొత్త బట్ట చించి అతికించినట్టు. కంటి మీదుగా నల్లని గీత. గొంతు తెలుపు. తోక మొండిగా, ఎవరో కత్తిరించినట్టు. అది వంగి ఆకును ముక్కుతో తిప్పినప్పుడు తోక కింద కుంకుమ కనబడింది.

"అదిగో" అన్నాను పక్కకి తిరిగి. పక్కన గోడ ఉంది.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మంగళవారం కట్టకి పోకుండా వెనక తలుపు సందులో పీట వేసుకుని కూర్చున్నాను. పొద్దునా సందెకీ బయటికి వచ్చింది. వానపాములు లాగి తిన్నది. అంత అందమైనదాన్ని ఇన్నేళ్ళకి కంటినిండా చూస్తూ కూడా, నరసింహప్ప ఇప్పుడు ఫ్యాక్టరీలో ఏ మిషను దగ్గర ఉంటాడా అనే ఆలోచిస్తున్నాను.

బుధవారం సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగి గడ్డానికి వచ్చాడు. ఎప్పుడూ బుధవారమే వస్తాడు. అప్పటికే మసక పడుతోంది. నురగ రాసి, కత్తి గొంతు కింద పెట్టి పైకి లాగుతున్నాను. వెనక నుంచి ఈల వినబడింది. రెండు ముక్కలు.

నరసింహప్ప కళ్ళు తెరిచాడు. గొంతు ముడి కదిలింది.

"కదలొద్దు" అన్నాను.

అతను కదలలేదు. అద్దంలో నన్నే చూస్తున్నాడు. కత్తి అక్కడే ఉంచి మాట్లాడాను.

"అదే. నవరంగమే. సోమవారం నుంచి నా వెనకాలే ఉండాది. నేను చూసినా. ఇంకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు పోయినా కనబడదు, పొద్దు పోయె. లీవు పెట్టు. రేపు పొద్దున రా. నువ్వొక్కడివే రా. ఆ కౌశల్ సారుని పిలుచుకొని రావద్దు, వాళ్ళ జనాన్నీ తేవద్దు. వాళ్ళకి ఆదివారం ఉండాది, కారు ఉండాది, ఊరంతా చెరువులు ఉండాయి. ఇది నేను నీకు చూపిచ్చేది. ఆ ఈలకి కట్ట మీద చెవులు పెట్టుకొని కూర్చునింది నువ్వూ నేనూ. వాళ్ళు కాదు."

ఒక్క గడ్డానికి అన్ని మాటలు నేనెన్నడూ ఖర్చు పెట్టలేదు. కత్తి తీశాను. అతను గొంతు తడుముకున్నాడు.

"ముగిసెనా?"

"ముగిసె."

"గొంతు కోస్తావనుకొంటినప్పా!" నవ్వబోయి నా మొహం చూసి ఆపేశాడు. "ఇది బోనసు నెల. లీవు పెడితే కొత్త ఓనరాయప్ప ఊరుకోడు. ఆదివారం వస్తా."

"ఆదివారం నాకు గిరాకీ."

"ఇంకెప్పుడు రావల్ల మరి? నేను చేసిన రజానా అది?" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఈ ఆదివారం సారోళ్ళ కార్లో హొసకోటె చెరువుకి పోవల్లని ఉంటిమి."

"పో అయితే."

బ్రష్షు కడిగాను. అది కడిగే ఉంది. మళ్ళీ కడిగాను. అతను గుమ్మం దాకా పోయి ఆగాడు. "ఆదివారం దాకా ఉంటాదా అది?"

"నాతో ఏమైనా చెప్పి వచ్చెనా?"

గురువారం ఉంది. శుక్రవారం ఒక పిల్లి పొదల దగ్గర తిరుగుతుంటే చెంబు విసిరాను. శనివారం మధ్యాహ్నం అది కనబడకపోతే నా గుండె జారింది. అదే నిమిషంలో, పోతే పోనీ, హొసకోటె నుంచి వచ్చి ఖాళీ ఆకులు చూసుకుంటాడు అని కూడా అనిపించింది. రెండూ నిజమే. సందెకి మళ్ళీ వచ్చింది.

ఆదివారం చీకటితోనే వచ్చి వెనక తలుపు తీశాను. ముందు షట్టరు ఎత్తలేదు. సెలూను పెట్టాక ఆదివారం షట్టరు ఎత్తకపోవడం అదే మొదలు. వెలుగు వస్తుండగా డిపో వైపు నుంచి నరసింహప్ప వచ్చాడు. ఒక్కడే. మెడలో బైనాక్యులర్ లేదు.

"కారు?"

"పొమ్మంటిని. కడుపునొప్పి అని చెప్పినా."

పీట అతనికి ఇచ్చి నేను గడప మీద కూర్చున్నాను. ముందువైపు జనం చేరినట్టున్నారు. షట్టరు దబదబ మోగింది.

"మునియప్పా! ఏయ్ మునియప్పా! బతికుండావా?" అది కూరగాయల ఆవులప్ప గొంతు. "పెండ్లికి పోవల్లప్పా, ఈ గడ్డంతో పోతే నన్ను సన్యాసి అనుకొంటారు!"

"సన్యాసికైతే అన్నం ముందు పెడతారు, పో!" అని ఇంకెవరో అన్నారు.

నరసింహప్ప నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. పనిలేని ఇద్దరు మగవాళ్ళం, మంగళవారం లాగే ఉంది.

అది వచ్చింది. ముళ్ళపొద కింద నుంచి ఒక గెంతు, ఆగడం, ఇంకో గెంతు. మాకు ఇంత దగ్గరగా. ఒక ఎండ ముక్క ఆకుల మీద పడింది, అది సరిగ్గా అందులో నిలబడింది. నరసింహప్ప చెయ్యి నా మోకాలి మీద పడి గట్టిగా బిగుసుకుంది. ఊపిరి తీస్తున్నాడో లేదో తెలియలేదు. నేను పిట్టను చూడలేదు, అతన్నే చూశాను. కళ్ళలో నీళ్ళు నిలిచాయి. పెదాలు కదిలాయి. నాకోసమే ఏదో అంటాడని వంగాను.

"అయ్యో" అన్నాడు చిన్నగా. "కౌశల్ సారు చూడల్లప్పా దీన్ని."

నేను వెనక్కి జరిగాను. చూపించింది నేను. షట్టరు దించుకుని కూర్చున్నది నేను. మోకాలు నాది.

అతను నా వైపు చూడనే లేదు. తప్పు అన్నానని కూడా అతనికి తెలియదు. పిట్టనే చూస్తున్నాడు. ఇంకొకడికి చూపించాలని తహతహలాడుతున్నాడు. వారం రోజులుగా నాకున్నదీ అదే జబ్బు. అది తెలిసింది గాని మంట తగ్గలేదు.

"ఫోను చెయ్యి పో" అన్నాను.

"వద్దంటివి కదా?"

"పో. అంతలో లేచిపోయినా పోతాది."

లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "కడుపునొప్పి అని చెప్పి ఉండానే. ఇప్పుడేం చెప్పల్ల?"

"తగ్గెనని చెప్పు."

కౌశల్ సెల్‌ఫోనుకి చెయ్యడానికి పక్కనున్న ఫోన్ బూత్‌కి పరుగెత్తాడు, ఈ వయసులో. నేను లోపలికి పోయి షట్టరు ఎత్తాను. ఆవులప్ప తిట్టుకుంటూ వచ్చి కుర్చీలో పడ్డాడు. గుడ్డ కప్పి, నురగ కలిపాను.

ఇద్దరి గడ్డాలయ్యాయి, ఒకరి కటింగు అయ్యింది. ఆవులప్పకి మీసం వంకర అనిపించి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అంతలో కౌశల్ కారు వచ్చి దూరంగానే ఆగింది. అతను చెప్పులు చేతిలో పట్టుకుని సెలూనులోంచే వెనక్కి పోయాడు. పోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "థాంక్స్ బాబాయ్. మీరు చూశారా?" అన్నాడు గుసగుసగా. తల ఊపాను.

వెనక తలుపు సందులో రెండు తలలు పక్కపక్కన చేరాయి. "రైట్ సైడా?" "కాదు సార్, ఆ ఆకు కింద, ఆ కదిలేది." కౌశల్ గాలి పీల్చుకున్న చప్పుడు వినబడింది. చూశాడన్నమాట.

నేను రేడియో ఆపేశాను.

"ఏమప్పా, మంచి పాట వస్తాండె!" అన్నాడు ఆవులప్ప.

"మెల్లగా. వెనకాల పిట్ట ఉండాది, లేచిపోతాది."

"ఎవరి పిట్ట?"

"నాది" అని అతని గడ్డం పట్టుకుని అద్దం వైపు తిప్పాను.