సారయ్య చేతి అద్దం

నేను ఒక అద్దం ముక్కను. పరకాలలో ఒక క్షౌరశాల గోడకు నిలువెత్తున ఉండేదాన్ని. దుకాణం మారుస్తుంటే జారిపడి పగిలాను. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన సారయ్య, ముక్కల్లో పెద్దదాన్ని ఏరుకుని, చేయి తెగకుండా అంచుల చుట్టూ సైకిలు ట్యూబు చుట్టాడు.

"గుడి సూపెట్టెటోనివి, నీకు అద్దమెందుకే?" అన్నాడు దుకాణదారు.

సారయ్య నన్ను సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. గుడి బయట ఆయన మనిషే అంత.

ఆయన పని చేసే కాకతీయుల నాటి గుడిలో పట్టపగలే మసక. సారయ్య తూర్పు గడప మీద నిలబడి, ఎండను నాతో పట్టి లోపలికి విసిరేవాడు. అరచేయంత వెలుగు పైకప్పు దూలాల మీద పాకుతూ పోయేది. రాతిలో చెక్కిన మద్దెల వాయించేవాడు, ఏనుగుల బారు, చివరికి కాల్లో ముల్లు తీసుకుంటున్న నాట్యకత్తె. జనం నోరు తెరిచి చూసేవాళ్లు. వెలుగు ఎక్కడినుంచి వస్తోందని వెనక్కి తిరిగినవాళ్లు తక్కువ.

ఇరవై రెండేళ్లు అలా గడిచాయి. భార్య పోయాక సారయ్యకు ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. వండుకుంటాడు, తింటాడు, నన్ను తువ్వాలలో చుట్టి పడుకుంటాడు. రోజంతటి మాటలూ ఆ గుడిలోనే. అక్కడ మాత్రం వాన కురిసినట్టు మాట్లాడతాడు.

తర్వాత ఆయన చూపు మసకబారింది. నా మీద మరక ఉందనుకుని తుడిచేవాడు. మరక నా మీద లేదు. డాక్టరు ఇక లాభం లేదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే గుడి మానేయమంటారు. ఎండ చెంపకు ఎంత తగిలితే మణికట్టు ఎంత తిప్పాలో ఆయనకు తెలుసు. ఆ లెక్కమీదే రెండేళ్లు నెట్టుకొచ్చాడు. ఒక్క వేలెడు కూడా తప్పలేదు.

మొన్న ఎండాకాలంలో గడప అరగకుండా దానిమీద జానెడు ఎత్తున చెక్కలు పరిచారు. సారయ్య వాటిమీద నిలబడ్డాడు. వెలుగూ జానెడు జరిగింది. నాట్యకత్తె పక్కన, శిల్పం రాలిపోయినచోట పూసిన సిమెంటు మీద పడింది.

"సూడుండ్రి, ముల్లు కాల్ల ఉన్నది. నొప్పి మొఖంల కనవడ్తది," అన్నాడాయన.

జనం సిమెంటు వంక చూశారు. ఒకాయన, "అబ్బ, ఎంత జీవం," అన్నాడు. ఇంకొకాయన ఫోటో తీసుకున్నాడు. మూడు గుంపులు వచ్చాయి, మూడు గుంపులూ సిమెంటును మెచ్చుకుని పోయాయి. నాకు నోరు లేదు.

మధ్యాహ్నం కాకముందే, గుడి బయట చెప్పులు కాచే ఎల్లవ్వ లోపలికి వచ్చింది.

"సారన్నా, సిమెంటుకు కత జెప్తున్నవట. ఒక పిల్ల చెప్పులేసుకుంట నవ్వవట్టింది."

సారయ్య నన్ను తిప్పి తిప్పి తడిమాడు.

"కండ్లు కనవడ్తలేవా?"

"లేవు."

"ఎప్పటిసంది?"

"రెండేండ్లు."

"మరి ఇంట్ల కూసోరాదే."

"ఇంట్ల ఎవలున్నరే," అన్నాడు సారయ్య.

 ఎల్లవ్వ తిరిగి చెప్పుల దగ్గరికి పోయింది.

నాలుగో గుంపు వచ్చింది. సారయ్య గడప మీద నిలబడ్డాడు. నన్ను పైకెత్తాడు, మళ్లీ దించాడు. 

"నాకు కండ్లు కనవడయి," అన్నాడు వాళ్లతో. "మీ ఫోన్ల లైట్లు మీరే ఎయ్యుండ్రి. యాడ ఏమున్నదో నేను జెప్త."

ఇన్నేళ్లూ ఆ లైట్లు ఆర్పమని గద్దించిన మనిషి. ఇరవై వెలుగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకప్పు మీద తిరిగాయి. ఆయన నన్ను గడప పక్కన పెట్టి లోపలికి నడిచాడు. పోయేటప్పుడు తీసుకోవడం మరిచాడు.

ఎల్లవ్వ నన్ను తీసి తన చెప్పుల బల్ల మీద పెట్టింది. ఇప్పుడు అక్కడే వెల్లకిలా పడి ఉన్నాను. దుమ్ము పడుతోంది. తుడిచేవాళ్లు లేరు. ఆయన గొంతు మాత్రం ఇక్కడిదాకా వస్తుంది. ఈ పొద్దున ఎవరో ఆడమనిషి, "ఆ ముల్లు చివరికి వచ్చిందా తాతా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. 

"కూసో బిడ్డా, జెప్త," అన్నాడు సారయ్య.