హైమవతి జలశోధనము

వర్షధారాధౌతమై నిర్మలమైన శరదాకాశమునుండి బాలభానుని కిరణములు కాకినాడపురమందలి మేడలమీఁదను తీరమునందలి నావలమీఁదను ప్రసరించుచుండ లోకమందలి జలములన్నియు తేటపడు నా శుభకాలమున భుజంగరావుగారి హాలులో మంచమంత పొడవుగల గాజుతొట్టియందలి నీరు మాత్రము పెసరపిండి కలిపినట్లు పచ్చఁబడి యుండెను. అందలి కనకవర్ణమత్స్యములను ఆయన భార్య హైమవతి చిటికెనవ్రేలంత పిల్లలుగాఁ దెచ్చి మూరెడు పొడవగునట్లు పెంచినది. ఇప్పుడు వాని తోఁకలైనను గానరాకుండెను. తొట్టితోఁ గొన్న చిన్న ఫిల్టరు వాని మాలిన్యమునకుఁ జాలకపోయెను.

"పున్నమినాఁడు చేఁపలచెఱువు కామందు బండితో వచ్చును. వీని నతని కిచ్చివేయుదము. ఇల్లంతయు నీచువాసన" అని భర్త తీర్మానించెను.

హైమవతి తొట్టి కడ్డముగా నిలిచెను. "ఏమండీ, అంతలోపల నీరు తేఱినచో?"

"తేఱినచో నుండనిమ్ము."

ఆమె తడవు సేయక తోఁటలలోని కొలఁకులకు వాడు ప్రెషరు ఫిల్టరు నొకదానిని తెప్పించెను. అది మూత బిగించిన పెద్ద డ్రమ్ము. లోపల స్పాంజీలును పాచిని జంపు నీలిదీపమును గలవు. "కొలనికిఁ గావలసినదానిని హాలులోఁ బెట్టెదవా? మూత యెగిరినచో మన మిరువురము నీఁదవలసినదే" యని భుజంగరావు పరిహాసము చేసెను.

ఇంటి మోటారు కుళాయిగొట్టమునుండి నీటిని లాగి డాబామీఁది కెక్కించుటను నిత్యము చూచు నలవాటుచేత హైమవతి దానితో వచ్చిన పంపును డ్రమ్మునుండి నీరు వెలువడు గొట్టమున నమర్చి నీటిని లాగింపఁజూచెను. మూతసందున గాలి పీల్చి డ్రమ్ము గుడగుడలాడెను గాని నీరు కదలదయ్యెను. భర్త పకపక నవ్వెను. ఆమెకు ఒడలు మండెను. అన్నము సహితము మాని దానియెదుటఁ గూర్చుండి యాలోచింపఁగా ఆ యంత్రము లాగుటకుఁ గాక లోనికి నెట్టుటకై నిర్మింపఁబడినదని తోఁచెను. వెంటనే పంపును తొట్టియడుగున నుంచి గొట్టములకు ఉక్కుపట్టీలు బిగించి ప్రవాహవేగమునకు మత్స్యములు కొట్టుకొనిపోకుండ వెలువడు ధారను గాజుగోడవైపునకుఁ ద్రిప్పెను. పిమ్మట డ్రమ్ముచుట్టును పొడి ముగ్గుపిండి చల్లెను. చుక్క నీరు కాఱినను మచ్చ తెలియకపోదు. మఱునాఁటి యుదయమున పిండి చల్లినది చల్లినట్లే తెల్లగా నుండెను. నాఁటినుండి పచ్చదనము దినదినమును పలుచఁబడుచు వచ్చెను.

పున్నమి యుదయమున బండి వాకిట నిలిచెను. చేఁపలను జూపుటకై ముందుగా లోని కేఁగిన భుజంగరావు తొట్టియెదుట నిలిచిపోయెను. నీ రున్నదో లేదో యనునంత తేటగా నుండెను. ఒక్కొక్క పొలుసును లెక్కింపవచ్చును. ఆయన వాకిటివైపునకుఁ దిరిగెను. పిదప బిగ్గఱగా నిట్లనెను.

"ఓయీ, బండి త్రిప్పుకొనుము. మా చేఁపలు రావు. ఊరక పోక లోపలికి వచ్చి చూచిపొమ్ము. ఇదంతయు మా యావిడ చేతిపని!"

కామందు వచ్చి చూచి నోరు తెఱచెను. "అమ్మా, ఎవ్వరు నేర్పిరి?"

"ఎవ్వరును నేర్పలేదు నాయనా. మొదట తప్పుగా బిగించితిని. నవ్వించుకొంటిని. ఆపై నేనే దిద్దుకొంటిని" అని హైమవతి భర్తవంకఁ జూచుచు తల యెత్తి పలికెను. చేసినపనిని జేసితినని చెప్పుకొనుట గర్వమే యైనచో నగునుగాక. ఆ యుదయమున ఆ గర్వ మామెకు మిక్కిలి యందముగా నుండెను. దానిని జూచి యందఱికంటె నెక్కువగా మురిసినవాఁడు భుజంగరావే.