మూడు వందల గజాల డ్రైవరు

మా ఆయన మలకీ పోయి మూడు నెలలైంది. అలాంటి మనిషికి జనవరిలో ఉత్తరం వచ్చింది. "ప్రియమైన మలకీ గిల్‌హూలీ గారూ, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క క్లెయిమూ లేకుండా కారు నడిపిన మీలాంటి డ్రైవరు మాకు గర్వకారణం" అని. కారు ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు. నెలాఖరుకి పాలసీ అయిపోతుందట, పొడిగించుకోమంటున్నారు. ఉత్తరం చదివి టీ కాచుకున్నాను, తాగుతూ మళ్ళీ చదివాను. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ ముప్పై ఒక్క ఏళ్ళు కారు నడిపింది నేను. స్లైగో పట్నంలో డ్రైవింగు పరీక్షకు వెళ్ళి, మొదటిసారే నెగ్గి లైసెన్సు తెచ్చుకున్నదాన్ని. మా ఆయనకు పరీక్షే లేదు. డెబ్భై తొమ్మిదిలో పరీక్షల కోసం జనం ఏళ్ళ తరబడి పడిగాపులు కాస్తుంటే, ప్రభుత్వం విసిగిపోయి ఒక దఫా చాలామందికి ఊరికే లైసెన్సులిచ్చేసింది. ఆ పుణ్యాన వచ్చిన లైసెన్సు ఆయనది. ట్రాక్టరు మీద కూర్చుంటే రాజే గానీ, కారు అంటే ఆయనకు చెమటలు పట్టేవి.

ఆయన నడిపింది ఒక్కచోటే. ఆదివారం పూజకు వెళ్ళేటప్పుడు నేను పాలకేంద్రం కూడలి దాకా నడిపేదాన్ని. అక్కడ ఆపి, ఇద్దరం దిగి, కారు చుట్టూ తిరిగి, సీట్లు మారేవాళ్ళం. ఆయన సీటు కింద మీట లాగి, సీటు వెనక్కి జరుపుకుని, అక్కణ్ణుంచి చర్చి గేటు దాకా ఆ మూడు వందల గజాలూ నడిపేవాడు. పెళ్ళాం నడుపుతుంటే పక్కన కూర్చుని చర్చికి వచ్చాడని అక్కడి గోడ మీద కూర్చునే మగాళ్ళు అనుకోకూడదు కదా! ఆ మూడు వందల గజాల్లోనే ఒకసారి మంచు కురిసిన రోజున గేటు స్తంభాన్ని గుద్దాడు. కంపెనీకి చెప్పకుండా రెండు గొర్రెలమ్మి ఫాదర్‌కి డబ్బిచ్చాడు. మా కారుకు జరిగిన ప్రమాదం మొత్తానికి అదొక్కటే.

ఆయన పోయాక కూడా నేను ఆ గేటు లోపలికి కారు తీసుకెళ్ళలేదు. పాలకేంద్రం దగ్గరే ఆపేసి నడిచి వెళ్తున్నాను. ఎందుకంటే చెప్పలేను, చెయ్యి తిరగదు అంతే. మా ఆడపడుచు కన్సెప్టా నా వెనకాలే కాళ్ళీడ్చుకుంటూ, వానలో నన్ను తిట్టుకుంటూ వస్తుంది. దానికి డ్రైవింగు రాదు. పూజకైనా, బజారుకైనా నా కారే దిక్కు.

నాకూ కారే దిక్కు. నాకు యాభై తొమ్మిది. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం. ముగ్గురున్నారు, బీడు నేలల అవతల ఒక్కొక్కరూ ఒక్కో మూల. పొద్దున నేను వెళ్ళి లేపి, స్నానం చేయించి, గంజి కాచి పెడితేనే వాళ్ళకు తెల్లారినట్టు. అద్దానికి అంటించిన ఇన్సూరెన్సు బిళ్ళ మీద జనవరి ముప్పై ఒకటి అని ఉంది. ఆ తర్వాత రోడ్డెక్కితే పోలీసులు కారు లాక్కుంటారు. కారు లేకపోతే ఉద్యోగం లేదు.

ఉత్తరం పట్టుకుని బయల్దేరుతుంటే కన్సెప్టా ఎదురొచ్చింది.

"ఫింటన్ స్కాన్లన్ దగ్గరికా? పర్సు గట్టిగా పట్టుకో వదినా. వాళ్ళ నాన్న ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోడానికి వెళ్ళి కూడా సగమే ఒప్పుకుని వచ్చేవాడు."

ఫింటన్ మా ఊరి ఇన్సూరెన్సు ఏజెంటు, అంతకుముందు వాళ్ళ నాన్న. నేను వెళ్ళగానే లేచి నిలబడి నా కోటు అందుకున్నాడు, టీ తెప్పించాడు, చాక్లెట్ బిస్కట్టు కూడా పెట్టాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఊరికే బిస్కట్టు పెట్టే ఏజెంటుని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మలకీ గారి సంగతి చాలా బాధ అనిపించిందండీ, మిసెస్ గిల్‌హూలీ."

"తెలుసు. అంత్యక్రియల రోజు మా ఇంట్లో మూడు హామ్ శాండ్‌విచ్‌లు తిన్నావుగా. ఎంతవుతుందో చెప్పు."

కంప్యూటరు వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు. "పందొమ్మిది వందల అరవై యూరోలు."

"నేనడిగింది కారు ధర కాదు, ఇన్సూరెన్సు ధర."

"అదేనండీ."

"పోయినేడు మూడు వందల తొంభై కట్టాం!"

"అది మలకీ గారికి. క్లెయిము లేనందుకు ఏటా ధర తగ్గించే ఆ బోనసు ఆయన పేరు మీద పెరిగింది, ఆయనతోనే పోయింది. మీరు ఆ పాలసీలో పక్కన రాసిన అదనపు డ్రైవరు మాత్రమే. కంపెనీ లెక్కలో మీరు ఇవాళే కొత్తగా మొదలుపెడుతున్నారు."

"కొత్తగానా! ఆడవాళ్ళకి తక్కువ పడుతుందని ఊరంతా అంటారే?"

"పడేదండీ, క్రిస్మస్ ముందు వరకు. ఆడా మగా అని తేడా చూసి ధర కట్టకూడదని యూరప్ కోర్టు చెప్పింది. డిసెంబరు ఇరవై ఒకటి నుంచి అందరూ సమానం."

"ఓహో! సమానత్వం వచ్చేసిందన్నమాట. నాకెవరూ చెప్పలేదే. అక్టోబరులో ఆ శాండ్‌విచ్‌లు నములుతూ 'పాలసీ ఇప్పుడే మార్చుకోండి, తర్వాత ధర పెరుగుతుంది' అని ఒక్కమాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఈ ప్రశ్న ఒక్కటి నింపాలి. ఇంతవరకు ఈ కారు ఎక్కువగా నడిపింది ఎవరు?"

"నేనే" అనబోయాను. పెన్ను కింద పెట్టేశాడు.

"ఆలోచించుకుని చెప్పండి. మీరేనంటే, మలకీ గారు ఏటా తానే నడుపుతున్నానని అబద్ధపు సంతకం చేసినట్టు. తెలిసి నడిపారు కాబట్టి ఆ మచ్చ మీ మీదా పడుతుంది. అబద్ధపు పాలసీ అని ఒకసారి రాశారంటే ఇక బతికినన్నాళ్ళూ ఏ కంపెనీకి వెళ్ళినా చెప్పుకోవాలి. ఎవరూ ఇవ్వరు. ఆయనే నడిపారంటే ఏ గొడవా లేదు."

"గొడవ లేదు, పందొమ్మిది వందల అరవై కట్టాలి."

"అంతేనండీ."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే దొంగని, అబద్ధం చెబితే నిన్న కాక మొన్న స్టీరింగు పట్టుకున్న పిల్లని. నన్ను కాపాడుతున్నాడా, బెదిరిస్తున్నాడా? అతని మొహంలో ఏమీ కనిపించలేదు. అప్పుడు చూపు అతని ముందున్న ఫైలు మీద పడింది. నేను చూసుకునే ముసలివాళ్ళ మంచం అవతల పెట్టిన మందుచీటీలు తలకిందులుగా చదవడం నాకు అలవాటే. వాళ్ళ నాన్న చేతిరాత. ఎనభై ఏడు నుంచి ఏటా ఒకటే వాక్యం: భార్య పేరు మీదికి మారిస్తే తొంభై తగ్గుతుందన్నాను, ఆమె పేరు వద్దన్నాడు. ఆ కింద అదే, మళ్ళీ అదే.

ఫింటన్ ఫైలు మూసేశాడు.

మూడు రోజులు నాకు నిద్ర లేదు. మలకీ అంటే ఎవరనుకున్నారు! ఒక్క టీ బ్యాగుతో రెండు కప్పులు కాచే మనిషి. ఆ మనిషి పాలసీ నా పేరు మీదికి మార్చకుండా ఉండడానికి ఏటా తొంభై ఎక్కువ కట్టాడా? ఎందుకు? ఇంకో ఆడదెవరైనా ఉందా? అప్పులేమైనా చేసి నా పేరు దాచాడా? ఆయన కోట్లన్నీ జేబులు తిరగేశాను. గడ్డిమోపులు కట్టే దారం, పిప్పరమెంట్లు, పూజ పుస్తకం దొరికాయి. పూజ పుస్తకంలో పేజీపేజీ కూడా దులిపాను, పాపం తగుల్తుందేమో అనుకుంటూనే.

కన్సెప్టాను నిలదీశాను. "మీ అన్నయ్యకి బయట ఎవరైనా ఉండేవారా?"

అది పడీపడీ నవ్వింది. "మా అన్నయ్యకా! నీతో మాట్లాడ్డానికే బద్ధకం ఆ మనిషికి, ఇంకోదానితో కూడానా?"

"మరి ఎనభై ఏడు నుంచి కారు పాలసీ నా పేరు మీదికి ఎందుకు వద్దన్నాడే?"

దాని నవ్వు ఆగిపోయింది. "ఎనభై ఏడు నుంచా?" అని, గిర్రున తిరిగి కెటిల్లో నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు అప్పటికే నిండుగా ఉన్నాయి.

నాకు ఎనభై ఏడు గుర్తుంది. ఆ ఏడాది మా అత్తగారు నా పెయ్యదూడను, నా సొంత డబ్బుతో కొనుక్కున్నదాన్ని, నాకు చెప్పకుండా అమ్మేసింది. మలకీ పక్కనే నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఫిబ్రవరిలో బట్టలు సర్దుకుని కారెక్కి ఆథ్లోన్‌లో మా అక్క ఇంటికి వెళ్ళిపోయాను. పందొమ్మిది రోజులుండి తిరిగొచ్చాను. దాని గురించి మా ఇద్దరి మధ్య మళ్ళీ మాటే రాలేదు.

ముప్పయ్యో తారీఖున మళ్ళీ ఫింటన్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి కోటు విప్పలేదు, టీ ముట్టలేదు.

"రాసుకో. ఈ కారు ఎక్కువగా నడిపింది అట్రాక్టా గిల్‌హూలీ, అంటే నేను."

"నేను చెప్పాను కదండీ..."

"కింద సాక్షి అని రాయి. ఫింటన్ స్కాన్లన్, ముందు సీటు. పన్నెండేళ్ళలోపు పిల్లల ఫుట్‌బాల్ జట్టుని రెండేళ్ళు నా కారులో కుక్కి తిప్పిందెవరు? మీ నాన్నా? ఆయన గోల్ఫ్ ఆడుకుంటుంటే నేను తిప్పాను. కర్లూ కొండల మలుపుల్లో రెండుసార్లు వాంతి చేసుకున్నావు, నా హ్యాండ్‌బ్యాగులోనే. గుర్తుందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కాలరు సర్దుకున్నాడు.

"మచ్చ నా మీదా పడుతుందన్నావు. నీ మీద పడదూ? ఎవరు నడుపుతున్నారో తెలిసి కూడా ఏటా ఆ కాగితం కంపెనీకి పంపింది మీ నాన్న, తర్వాత నువ్వు. అందుకేనా ఆ బిస్కట్టు?"

తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అదనపు డ్రైవరు అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కంపెనీ ఒకటుందండీ. ఏజెంటు ఉత్తరం రాసివ్వాలి. కార్యాలయం మీదికి ప్రశ్నలొస్తాయేమోనని..."

"నీ భయానికి నేను పందొమ్మిది వందల అరవై కట్టాలా? రాయి ఉత్తరం."

రాశాడు. ఎనభై రెండు నుంచి ఆ ఇంటి కారు నడుపుతున్నది ఈమే, ఈమె చేతిలో ఒక్క ప్రమాదమూ లేదు, నాకు స్వయంగా తెలుసు, అని. ఆ కంపెనీలో ఆరు వందల ఇరవై అయింది. సంతకం పెడుతూ నేనతన్ని నమ్మలేదు. రెండుసార్లు చదివి, వెనకవైపు కూడా చూశాను.

"ఆ పాత ఫైలు చూపించు."

"చూపించకూడదండీ, చట్టం ఒప్పుకోదు" అంటూ లేచాడు. "టీ చల్లారింది, వేరేది తెస్తాను." వెళ్తూ వెళ్తూ ఫైలు నా వైపు తిప్పి వెళ్ళాడు. అందుకు మాత్రం అతన్ని ఒక్క మాట అనను.

ఎనభై ఏడు పేజీ తీశాను. వాళ్ళ నాన్న రాత.

"ఫిబ్రవరి 12. మలకీ వచ్చాడు. పాలసీలోంచి భార్య పేరు కొట్టేయాలంటే ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఒక్క ఫోను చాలన్నాను. చెయ్యనా అంటే వద్దు, తను ఆ కారుతో దూరంలో ఉంది, పోలీసులు ఆపితే ఇబ్బంది పడుతుంది అన్నాడు."

"మార్చి 3. తిరిగొచ్చిందట. పేరు ఉంచమన్నాడు. పాలసీ మాత్రం ఎప్పటికీ ఆమె పేరు మీదికి వద్దట. కారు ఆమెదైపోతే ఈసారి వెళ్ళాక తిరిగిరాదు అన్నాడు."

ఫింటన్ టీ తెచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. కోపంతోనే ఏడ్చాను, ఆ సంగతి అతనితో చెప్పాను కూడా. అనుమానం పెనుభూతం అంటారు. ఒక కాగితం ముక్కతో నన్ను కట్టేసి ఉంచాననుకుంటూ ఆ మనిషి ఇరవై ఐదేళ్ళు నా పక్కన పడుకున్నాడు.

ఆదివారం కొత్త బిళ్ళ అంటించుకుని పూజకు బయల్దేరాం. పాలకేంద్రం కూడలి దగ్గర చెయ్యి అలవాటుగా స్టీరింగు పక్కకు తిప్పింది. కారు ఆగింది. కన్సెప్టా నిట్టూర్చి గొడుగు అందుకుంది. కానీ దిగలేదు.

"వదినా, ఒకటడుగుతాను, కోప్పడకు. ఆథ్లోన్ నుంచి ఎందుకు తిరిగొచ్చావు? అన్నయ్య చచ్చేదాకా నన్నదే అడిగేవాడు. వదిన్నే అడగరాదా అంటే భయమనేవాడు."

"ఎందుకేమిటే! మీ అన్నయ్య మీద బెంగపెట్టుకుని వచ్చాను. ఇంకెందుకొస్తాను, మీ అమ్మ మొహం చూడ్డానికా?"

"మరి ఆ మాట ఆయనతో చెప్పలేదేం?"

"అడగలేదుగా."

అది గొడుగు పట్టుకుని తలుపు తీయబోయింది.

"కూర్చో" అన్నాను. "ఇవాళ నడవక్కర్లేదు."

మూడు వందల గజాలూ నేనే నడిపాను. గోడ మీద కూర్చున్న మగాళ్ళు మాటలాపి చూశారు. ఒకాయన టోపీ తీశాడు. స్తంభానికి జానెడు ఎడంగా గేటు దాటించి, మలకీ ఎప్పుడూ ఆపే చోటే ఆపాను. సీటు వెనక్కి జరపడానికి ఎవరూ లేరు. అది నా కాళ్ళకు సరిపోయినట్టే ఉండిపోయింది.