కోసి పంపిన డెక్కలు

అలెగ్జాండ్రియా రేవు పక్కనున్న సముద్ర పరిశోధనశాలలో ఇన్సాఫ్ నాలుగు నెలలుగా ఒకే పని చేస్తోంది. పీతను వెల్లకిలా పలకకు కట్టి, డెక్కలో కదిలే వేలిని మెల్లగా తెరవడం. తెరిచినప్పుడు కీలులో ఉన్న సన్నని పోగు సాగుతుంది. ఆ కబురు నరం వెంట ఒంట్లోని నరాల ముడికి పోతుంది. అక్కణ్ణించి ఇంకో నరం వచ్చి, మూసే కండరాన్ని లాగమంటుంది. అలా జరగాలి. ఆమె పీతల్లో ఒక్కటీ లాగలేదు. కండరంలో గుచ్చిన తీగలు పలకలేదు.

ఆదివారం సమావేశంలో ఆమె గైడు డాక్టర్ షౌకీ కాగితాలు పక్కకు నెట్టాడు.

"తప్పు పీతది కాదమ్మా, నీ చేతులది. మొలోఖియా ఆకుకూర తరగడానికైతే బాగుంటాయి."

అందరూ నవ్వారు. ఇన్సాఫ్ చెవులు కాలిపోయాయి.

మర్నాడు పీతలు తెచ్చే మనిషి రాలేదు. పరిశోధనశాల బుట్ట పట్టుకుని తనే అన్ఫూషి చేపల బజారుకు వెళ్ళింది. పీతలమ్మే ఉమ్ రిదా ఒక్కో పీతనూ పట్టుకుని, డెక్క వేలి మొదట్లో కత్తిమొన గుచ్చి బుట్టలో వేస్తోంది. ఆ గాట్లు ఇన్సాఫ్ రోజూ చూస్తున్నవే. వలలో తగిలిన దెబ్బలనుకుంది.

"ఎందుకు పిన్నీ అలా కోస్తున్నావు?"

"మీ షౌకీ డాక్టరే చెప్పి పంపాడు గదే. పోయిన చలికాలం పీత అతని వేలు కరిచిందట. అప్పట్నించీ మీ బుట్ట మొత్తం కోసే పంపుతున్నా."

ఇన్సాఫ్‌కు ఒళ్ళు మండిపోయింది. అతని మీద ఎంతో, ఆ గాట్లను ఒక్కసారీ పట్టి చూడని తన మీద కూడా అంతే. కోయని పీతలు ఆరు ఏరించుకుంది.

తర్వాతి ఆదివారం పలకను సమావేశం గదికే తెచ్చింది. వేలు తెరిచింది. కండరంలోని తీగలకు తగిలించిన స్పీకరు చిటపటలాడింది, డెక్క బిగిసింది. అయిదుసార్లు తెరిస్తే అయిదుసార్లూ బిగిసింది. అప్పుడు సూదిమొనతో కీలులోని పోగు తెంపి మళ్ళీ తెరిచింది. చప్పుడు లేదు.

"నాలుగు నెలలుగా మీరు బజారులో కోయించి పంపింది దీన్నే డాక్టర్."

షౌకీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరేలే తల్లీ, ఫలితం వచ్చిందిగా. వ్యాసంలో నా పేరు ముందు పెట్టు."

"ముందు తప్పు మీదని వీళ్ళందరికీ చెప్పండి. పోయిన వారం నన్నన్నది వీళ్ళ ముందే కదా."

"చిన్న విషయం. మరిచిపో."

"పీత కరిచింది మాత్రం మీరు మరిచిపోలేదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా యంత్రాల గది తాళంచెవి ఆమె దగ్గర్నించి తీసుకున్నారు. గైడును మార్చమని పెట్టిన అర్జీ కదలడానికి ఎనిమిది నెలలు పట్టింది. డాక్టర్ వగీదా అనే పెద్దావిడ, పైకప్పు కారే తన గదిలో ఆమెకు ఒక బల్ల ఇచ్చింది. పని మొదటినుంచి మళ్ళీ చేయాల్సి వచ్చింది.

వ్యాసం అచ్చయింది, షౌకీ పేరు లేకుండా. మెట్ల మీద ఎదురై "ముబారక్, ఇన్సాఫ్" అన్నాడతను. క్షమాపణ ఆ పూటా రాలేదు. ఆమె దిగిపోయింది. కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. తగ్గాలని ఆమెకూ లేదు.