భుజం దాకా లేచే చెయ్యి

“ఆ సజ్జ మీది పెద్ద గంజు దించు సుగుణా. రేపు బగారన్నం దాంట్లనే వండాలె,” అన్నాడు మొగుడు తీతు, కుర్చీలోంచి కదలకుండానే.

సుగుణమణి స్టూలెక్కి, ఎడమచేత్తో గోడ పట్టుకుని, కుడిచెయ్యి పైకి చాచింది. అది భుజం దాకా లేచి ఆగిపోయింది. ఇంకాస్త లేపబోతే మెడ నుంచి మోచేతి దాకా సలుపు పాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలుగా ఇదే వరస. దిగొచ్చి, “లేస్తలేదయ్యా” అంది.

తీతు నవ్వాడు. “మాకు గూడ నాటకమేనా? నేర్పిందే నేను గదనే!”

అది మాత్రం నిజం, నేర్పింది అతనే. ఈ బొగ్గు ఊళ్ళలో పొలాల్లాగే ఉద్యోగాలు కూడా పిల్లలకి దిగుతాయి. సర్వీసు మిగిలి ఉండగా మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ అని రాస్తే ఆ ఉద్యోగం బిడ్డకొస్తుంది. సుగుణమణికి కూడా అలా దిగిందే. నాయిన సర్వీసులో ఉండగానే జబ్బుచేసి పోతే, కొడుకుల్లేని ఇంట్లో పెద్దకూతురని ఆమెకిచ్చారు. ఇరవైతొమ్మిదేళ్ళు ల్యాంప్ రూములో చేసింది. గనిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు ఇవ్వడం, షిఫ్టు దిగి వచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టడం ఆమె పని. మనుషుల పేర్లు మరిచిపోయినా దీపం నంబరు మరిచిపోయేది కాదు. ఏదైనా గూడు ఖాళీగా ఉంటే, ఆ మనిషి ఇంకా పైకి రాలేదని ఆమె ప్రాణం కొట్టుకునేది. తలకన్నా ఎత్తున్న అరల్లోకి రోజుకు కొన్ని వందలసార్లు లేచిన చెయ్యి అది. ఆ పని ఆమెకు ఇష్టం. ఈ మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

నిరుడు, ఆమెకు ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉండగా, తీతు ఆ మాట ఎత్తాడు. అతను ప్రైవేటు బడిలో గుమస్తాగా చేసి ఇంట్లో కూర్చున్నవాడు. కొడుకు ఆకాశ్ ఇంజనీరింగ్ చదివి, పెళ్ళి చేసుకుని, ఒక బిడ్డకు తండ్రి కూడా అయి, పని లేకుండా ఉన్నాడు. “నీ మోకాళ్ళు ఎట్లాగూ గుంజుతయి. చెయ్యి గూడ లేస్తలేదని చెప్పు, అయిపోతది,” అన్నాడు తీతు. పదిహేను రోజులు సాయంత్రం కాగానే ఇంట్లో పాఠం. అతను డాక్టరు, ఆమె రోగి. “లేపు చెయ్యి” అంటే ఆమె అలవాటుకొద్దీ తల దాటించేది. “దీపాలు పెడుతున్నవా! భుజం దాకనే! ఆడ ఆపి మొఖం చిట్లించు,” అని కసిరేవాడు. ఆకాశ్ పడీపడీ నవ్వేవాడు. కోడలు కెరోలిన్ కూడా చంటివాణ్ణి ఎత్తుకుని చూస్తూ నవ్వేది. సుగుణమణి కూడా నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే ఎక్కువ సిగ్గుపడుతుంది.

“ఒక్కసారి చెయ్యి లేవదని చెప్పమ్మా. ఇగ జిందగీల దేనికీ నీ చెయ్యి లేపనియ్యం. రాణి లెక్క కూసోబెడ్త,” అన్నాడు ఆకాశ్. కన్నకొడుకు మాట. నమ్మకపోతే తల్లేం తల్లి?

బోర్డు ముందు ఆమె చెయ్యి లేపి, భుజం దగ్గర ఆపి, మొహం చిట్లించింది. అక్కడున్న డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించి, “చాలమ్మా, నొప్పి పెట్టుకోకు” అంది. ఆ మాట విని సుగుణమణి బయటికొచ్చి ఏడ్చింది. తీతు మాత్రం, “మంచిగ ఏడిస్తివి, అందరు చూసిన్రు” అని మెచ్చుకున్నాడు.

ఆఖరి రోజు దండ వెయ్యలేదు, శాలువా కప్పలేదు. “రోగమున్న మనిషి ఫోటోలు దిగుతదా? అనుమానమొస్తది,” అని తీతే వద్దన్నాడు. ల్యాంప్ రూములో తోటి పని చేసే సారక్క మాత్రం ఊరుకోలేదు. “నువ్వు మొయ్యకక్కా, చెయ్యి బాగలేదు” అంటూ ఆమె టిఫిన్ డబ్బా తాను పట్టుకుని గేటు దాకా వచ్చింది. అంత మంచిదాని ముందు ఆ చెయ్యిని వేలాడేసుకుని నడవడం కన్నా భూమిలోకి పోవడం నయమనిపించింది.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ఆకాశ్‌కు ఆర్డరు వచ్చింది. నెల తిరక్కుండా కెరోలిన్ బడిలో టీచరుగా చేరింది. “ఇంట్ల నువ్వున్నవ్ గద అత్తమ్మా” అంది. దాంట్లో ఆ పిల్ల తప్పేముంది, ఇంట్లో ఉన్న మాట నిజమే! మొదటి షిఫ్టుకు పోయే కొడుకు డబ్బా కోసం తెల్లారి నాలుగింటికి లేవాలి. బొగ్గు పట్టిన బట్టలు విడిగా నానబెట్టి ఉతకాలి. చంటివాడు చంక దిగడు. డ్యూటీ చేసిన రోజుల్లో తీతు పొద్దున ఒక చాయ అయినా పెట్టిచ్చేవాడు. ఇప్పుడు అదీ మానేశాడు. “ఖాళీగనే ఉంటివి గద,” అన్నాడు. డ్యూటీలో వారానికొక సెలవైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

బిడ్డను ఎత్తీ ఎత్తీ మూడు నెలల కింద ఆ చెయ్యే పట్టేసింది. ఏ చెయ్యి లేవదని చెప్పిందో అదే చెయ్యి, ఎక్కడ ఆపడం నేర్చుకుందో అక్కడే. మొదట్లో దేవుడి శిక్షేమోనని వణికిపోయింది. దవాఖానకు తోలుకపొమ్మని ఆకాశ్‌ను అడిగితే, “బోర్డు అయిపోయిందమ్మా, ఇగ చాలు తియ్” అని నవ్వాడు. అబద్ధపు నొప్పికి పరాయి డాక్టరమ్మ జాలిపడింది. నిజం నొప్పిని కడుపున పుట్టినవాడు నమ్మలేదు. దీన్ని మోసం అనక ఇంకేమంటారు?

ఇప్పుడు, ఉద్యోగం వచ్చి ఏడాదయిందని రేపు ఇంటిముందు కృతజ్ఞతా ప్రార్థన కూడిక. గడిచిన ఏడాదిలో దేవుడు చేసిన మేలులు, రాబోయే ఏడాదికి ఉన్న ఆశ ఆమె నిలబడి సాక్ష్యంగా చెప్పాలి. చెప్పాల్సింది తీతు రాసి పెట్టాడు. గంజు ముచ్చట పక్కనబెట్టి ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ‘లేవని నా కుడిచేతిని ప్రభువు ముట్టి స్వస్థపరిచాడు’ అని ఉంది.

“ఇదేందయ్యా?”

“పక్కింటి నర్సింగం ‘వదినె పిల్లగాన్ని మంచిగనే ఎత్తుకుంటుంది గద’ అన్నడు. దేవుడు బాగుచేసిండని నలుగురి ముందర చెప్తే ఇగ ఎవడడుగుతడు?”

“కంపెనీ ముందర చెప్పింది చాలదా? దేవుని ముందర గూడనా?”

“కొడుకు నౌకరి సుగుణా. ఒక్కమాట.”

పోయినేడు కూడా ఒక్కమాటే అన్నారు. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి పోయి మళ్ళీ చదివింది. రోగం అబద్ధం, స్వస్థత అబద్ధం, నడుమ నిజమైంది నొప్పి ఒక్కటే. దాన్ని కూడా లేదనమంటున్నారు.

మర్నాడు మధ్యాహ్నం షామియానా కింద అరవైమంది కూర్చున్నారు. పాస్టరయ్యగారు వాక్యం చెప్పి, “మన అమ్మగారు ఇప్పుడు సాక్ష్యమిస్తారు” అన్నారు. సుగుణమణి లేచింది. ముందు వరసలో తీతు, పక్కన కొత్త చొక్కాలో ఆకాశ్, వెనకాల బిడ్డతో కెరోలిన్. కాగితం మడిచి కొంగున ముడేసింది.

“ప్రభువు పేరిట అందరికి వందనాలు. గడిచిన ఏడాది నా కొడుకుకు నౌకరి వచ్చింది. దేవునికి స్తోత్రం. నా చెయ్యి బాగైందని కొందరు అనుకుంటున్నరట. కాలేదు. ఇగో చూడున్రి.” చెయ్యి లేపింది. భుజం దాకా వచ్చి ఆగింది. ఈసారి మొహం చిట్లించాల్సిన పని లేకుండా దానంతటదే చిట్లింది. అయ్యో అన్నారు జనం. తీతు కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. కాదంటే ఏడాది కిందటి రోగం కూడా కాదనాలి, కొడుకు ఉద్యోగం కాదనాలి. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆకాశ్ మాత్రం ఆ చెయ్యిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“రేపు పొద్దుగాల నేను దవాఖానకు పోతున్న. ఒక్కదాన్నే పోత, ఆటోలు మస్తున్నయి. ఇగ రాబోయే ఏడాది ఆశ చెప్పమన్నరు.” లేవని చేతిని ఎడమచేత్తో పట్టుకుంది. “ఈమెతోని పని కాదు, పనికి అన్‌ఫిట్ అని పెద్ద పెద్ద డాక్టర్లు ముద్రేసి కాగితమిచ్చిన్రు. అది కంపెనీల చెల్లింది. ఏడాది సంది మా ఇంట్లనే చెల్లలే. రేపటి సంది మా ఇంట్ల గూడ చెల్లుతది.”

ఎవరికి ఎంత అర్థమైందో గానీ, వెనక వరసల్లోని ఆడవాళ్ళు గట్టిగా “ఆమెన్” అన్నారు.