ముందు వణుకు, తర్వాత ఖాళీ

అక్క ఆ రోజు కూడా చెల్లెలు పనిచేసే గదికి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, తెల్లబోర్డుకు ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. బావ పడవతో సహా కనబడకుండా పోయి ముప్పై తొమ్మిది రోజులైంది.

ఆ గదిలో పట్టపగలైనా చీకటే. అక్కడి పని అలాంటిది. అఖాతం ముఖద్వారానికి అవతలి ఒడ్డున ఉన్న గుట్ట మీంచి ఒక లేజరు కిరణం ఎనిమిది కిలోమీటర్లు నీళ్ల మీదుగా వచ్చి, ఆ బోర్డు మీద ఆకుపచ్చ చుక్కగా పడుతుంది. నీటి వేడికీ గాలి వేడికీ పొత్తు కుదరని వేళ చుక్క నిలవదు. చెదురుతుంది, పక్కకు జారుతుంది, మసకబారి మళ్లీ మండుతుంది. ఆ వణుకును కొలిచి దాచడమే చెల్లెలి ఉద్యోగం.

"చూడవే బుల్లీ, ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు లేదూ?"

"గాలక్కా. వేడిగాలీ చల్లగాలీ కలబడుతుంటే వెలుగు తిన్నగా రాలేదు. అంతే."

"నీకన్నీ అంతే."

బావ పోయిన రోజు పొద్దున ఇంట్లో పెద్ద రభస. ముసలి పడవను అమ్మెయ్యమని అక్క, చస్తే అమ్మనని బావ. "పో, దాంతోనే కాపురం చేసుకో" అంది అక్క. "అయితే ఇక రాను" అన్నాడు బావ. గాలివాన హెచ్చరిక విని మిగతా పడవలన్నీ రేవులోనే ఉండిపోయాయి. మధ్యాహ్నం అతనొక్కడే వెళ్లాడు. లోకం నోటికి మూతెక్కడిది? వేరే రేవులో వేరే సంసారం పెట్టాడనే దాకా వచ్చింది మాట. అక్కను తినేస్తున్నది ఒకటే: మనిషి ఇంటికి తిరిగి బయలుదేరాడా, లేదా?

"పడవ అడ్డమొస్తే చుక్క ఆరిపోతుందన్నావుగా. ఆ రోజు తిరిగొస్తూ అడ్డమొచ్చిందా? ఎన్నిసార్లడిగినా నీళ్లు నములుతావేంటే?"

ఇక దాచడం చెల్లెలి వల్ల కాలేదు.

"కోసేశానక్కా."

గాలి వల్ల చుక్క ఆరినా రెప్పపాటు కూడా ఉండదు. సెకను దాటి ఆరిందంటే అది గాలి కాదు, పడవో, కిటికీ ముందు వాలిన పక్షో. కొలతకు పనికిరాని ఆ ముక్కల్ని, వణుకును నమోదు చేసే గీతలోంచి రోజూ ఇంటికెళ్లేముందు ఆమె కోసి పారేస్తుంది. గాలివాన తొందరలో ఆ రోజూ చూడకుండా కోసింది. కోయకముందు నకలు తీసి ఉంచుకునే అలవాటు లేదు. బావ జాడను తన చేత్తోనే ఊడ్చి పారేసింది.

అక్క అరవలేదు. ఆమె కుట్టుపని మనిషి. ముందు లెక్క అడిగింది: "ఎన్ని కోతలు?"

"రెండు. మూడూ పదికొకటి, ఐదూ నలభైకొకటి. రెండోది పక్షి కూడా కావచ్చు."

"ముక్క పోతే పోయింది. అంచులున్నాయి కదే! కత్తెర ఎటు నడిచిందో అంచు చెబుతుంది. చూశావా?"

చూడలేదు. ఇన్నాళ్లూ కోసిన దాని కోసం ఏడ్చిందే గానీ, మిగిలిన దాని వంక చూడనేలేదు.

బావ పోయిన రోజు ఫైలు తెరిచింది. హోరుగాలి వేడినీ చల్లదనాన్నీ ఒకటిగా కలిపేసిందేమో, గీత చాలాసేపు నున్నగా సాగింది. మూడూ పది దగ్గర కోత. కోత దాటాక కొద్ది సెకన్లు గీత ముళ్లకంపలా లేచి, మళ్లీ అణిగింది.

"ఇంజను పొగక్కా," అంది చెల్లెలు. "బయటికి పోతున్నాడు. ఎదురుగాలి పొగను వెనక్కి, ఒడ్డువైపు తోసింది. పడవ కిరణాన్ని దాటాక ఆ వేడి వచ్చి తగిలింది. ముందు ఖాళీ, తర్వాత వణుకు."

"మరి తిరిగొస్తుంటే?"

"గాలి వెనక నుంచి కదా. ఆ ముసలి ఇంజను కన్నా గాలిదే జోరు. పొగ పడవ కన్నా ముందొస్తుంది. పక్షైతే అసలు వణుకే ఉండదు."

ఐదూ నలభై దగ్గరికి జరపడానికి ఆమె వేలు మొరాయించింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని తనే నొక్కింది.

ముందు వణుకు. తొమ్మిది సెకన్లు. తర్వాత కోత. ఆ తర్వాత గీత నున్నగా, ఏమీ ఎరగనట్టు సాగిపోయింది.

"వస్తున్నాడక్కా. కిరణం దాటి అఖాతం లోపలికొచ్చేశాడు."

అక్క తెర మీద వేలు పెట్టి, ఆ తొమ్మిది సెకన్లను రెండుసార్లు తడిమింది. "అక్కణ్నించి ఇంటికెంతసేపు?"

"పావుగంట."

"ఐదూ నలభైకి నేను వీధి తలుపు గడియ పెట్టాను. గాలికి కొట్టుకుంటోందని." లేచి చెప్పులేసుకుంది.

అక్కాచెల్లెళ్లు రేవు దాకా నడిచారు. వెతికిన వాళ్లందరూ బయటి సముద్రంలోనే వెతికారు. లోపలి అఖాతంలో అడుగున వెతికే గాలం ఎవరూ దించలేదు. రేవు అధికారి చెల్లెలిచ్చిన కాగితం మీది గీతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరేనమ్మా, ఎక్కడ వెతకమంటారు?"

అలవాటు కొద్దీ అక్క చెయ్యి దిగంతం వైపు లేచింది. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా దిగుతూ, దిగుతూ వచ్చి, రేవు గోడ కింద కదలకుండా ఉన్న నీళ్ల దగ్గర ఆగిపోయింది.