రాజుల గురించి రాసుకో

కాయను ట్రేలో పెట్టేటప్పుడు ముచ్చిక కిందికి ఉండాలి. సొన తొక్క మీద కారితే నల్లమచ్చ పడుతుంది, మచ్చ పడిన కాయ ఢిల్లీ లారీ ఎక్కదు. లేయా ఎడమచేత్తో బంగినపల్లి కాయ తీసింది, బొటనవేలితో నొక్కి చూసింది, బోర్లా పడుకోబెట్టింది. మళ్లీ ఇంకొకటి. ఆగిరిపల్లి రోడ్డు పక్కన ఈ రేకుల షెడ్డులో పదిహేడేళ్లుగా ప్రతి ఎండాకాలం ఇదే పని. సొన తగిలి తగిలి వేళ్ల సందుల్లో చర్మం పొరలుగా లేచిపోయింది. ఆ వేళ్లతోనే తెల్లారగట్ల లేచి రెండు గంటలసేపు నోటుబుక్కులో రాస్తుంది. సాయంత్రం అదంతా ఫోనులోకి ఎక్కిస్తుంది.

కథలు చదివే యాప్‌లో ఆమె పేరు సాహితి. రెడ్డిరాజుల కాలం నాటి కోటలు, గుర్రాలు, అంతఃపురాలు, అక్కడ దాసీ పిల్లను ప్రేమించే యువరాజు. పదమూడు నవలలు. నలభై వేలమంది చదువుతారు. షెడ్డులో ఆ సంగతి ఎవరికీ తెలీదు. పక్కనే కూచుని కాయలేరే నాగమణి కూడా సాహితి అభిమానే.

"ఈవిడకి ఎన్ని మేడలున్నాయో లేయా," అంది నాగమణి, టీ తాగేటప్పుడు ఫోను చూస్తూ కళ్లు ఒత్తుకుని. "లేకపోతే రాణుల సంగతి ఇంత బాగా ఎట్టా రాస్తది?"

"ఉండే ఉంటాయి," అంది లేయా.

మధ్యాహ్నం అన్నాల వేళ మనోజ్ఞ వచ్చింది. నూజివీడు క్యాంపస్‌లో చదువుకునే పిల్ల, కాలేజీ పత్రిక కోసం రచయిత్రిని కలవాలని నెలరోజులుగా మెసేజీలు పెడుతోంది. షెడ్డుకి దూరంగా, చర్చి ప్రహరీ నీడలో కలుద్దామంది లేయా. ఆటో దిగిన పిల్ల అటూ ఇటూ చూసి, సొన మరకల చీరలో నిలబడ్డ నలభై ఆరేళ్ల మనిషి దగ్గరకి తడబడుతూ వచ్చింది.

"మీరే... సాహితి గారాండీ?"

"నేనేనమ్మా. ఫొటో మాత్రం వెయ్యకండి."

పిల్ల ఫోనులో రికార్డింగ్ నొక్కింది. "మధ్యయుగం నేపథ్యంలో ప్రేమకథలు రాయడానికి మీకు ప్రేరణ ఏంటండీ?"

ఈ జవాబు లేయా ముందే అనుకుని ఉంచుకుంది. "చిన్నప్పుడు స్కూల్లో కొండపల్లి కోట చూపించడానికి తీసుకెళ్లారు. పడిపోయిన గోడలు, రాళ్లలో మొలిచిన చెట్లు చూస్తే ఇక్కడెవరు బతికారో అనిపించింది. అదే."

మనోజ్ఞ తలూపింది. కాసేపటికి, "ఒకటి అడగొచ్చాండీ? మీ నవలల్లో ఆ అమ్మాయి ఎప్పుడూ తప్పించుకుంటుంది. దాసీపిల్ల యువరాజుని ప్రేమిస్తే నిజంగా బతకనిచ్చేవారా?" అంది.

పనికి వేళయిందని లేయా షెడ్డు వైపు నడిచింది.

కోట చూసిన మాట నిజమే. ఆ రోజు చెల్లెలు రోజీ చెయ్యి పట్టుకుని ఎక్కింది. కానీ రాజుల గురించి రాయమన్నది కోట కాదు.

నాన్న శౌరి ఊళ్లో ఆసామి లక్ష్మీనరసింహారావు గారి మామిడితోటకి కాపలా ఉండేవాడు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న రోజీ, రావుగారి కొడుకు వంశీ ఇష్టపడ్డారు. రిజిస్టర్ పెళ్లికి దరఖాస్తు పెట్టుకున్న మూడోరోజు రోజీ తోటబావిలో తేలింది. నీళ్లు తోడబోయి కాలుజారిందని పోలీసులు కాగితం మీద రాసుకున్నారు. ఆ బావికి మోటారు బిగించి అప్పటికే ఆరేళ్లు. దాంట్లోంచి ఎవరూ నీళ్లు తోడరు. వంశీని ఆ వారంలోనే ఎటో పంపించేశారు.

లేయా పేర్లు మార్చి ఆ సంగతంతా కథగా రాసి ఒక వారపత్రికకి పంపింది. నాలుగు నెలలకి అచ్చయింది. పత్రికని గొట్టంలా చుట్టి పట్టుకుని రావుగారు ఇంటికొచ్చారు, నులకమంచం మీద కూర్చున్నారు. గొంతు ఏమాత్రం పెంచలేదు.

"నువ్వింత బాగా రాస్తావని తెలీదు లేయమ్మా. రాసుకోవాలని ఉంటే రాజుల గురించి రాసుకో. ఎప్పుడో చచ్చిపోయినోళ్లు. ఎవరికీ ఇబ్బంది ఉండదు." తర్వాత నాన్న వైపు తిరిగారు. "ఏం శౌరీ?"

"అంతేనండి," అన్నాడు నాన్న. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు గానీ ఇంట్లో పెద్దగా ఎవరితోనూ మాట్లాడలేదు.

లేయా ఇల్లు చేరేసరికి నాలుగయింది. కరెంటు పోయింది. అమ్మ రాహేలమ్మ మంచం మీద గోడకి ఆనుకుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. పాదాలు నీరుపట్టి మెరుస్తున్నాయి. గుండె పెద్దదయిందనీ, చేయగలిగింది పెద్దగా లేదనీ డాక్టరు మొన్న చెప్పాడు.

"చదువు," అంది రాహేలమ్మ. ఆమెకి అక్షరం రాదు. ప్రతి నవలా మొదట ఆమెకే వినిపించడం అలవాటు. పద్నాలుగోదానికి ఇది చివరి అధ్యాయం.

లేయా కిటికీ దగ్గర కూర్చుని చదివింది. కోటలో భటులు వెతుకుతున్నారు. దాసీపిల్ల చీకటి సొరంగంలో తడుముకుంటూ దొంగద్వారం దాకా వచ్చింది. బయట గుర్రం సకిలించింది. అక్కడ లేయా ఆగిపోయింది.

"ఏమైంది?"

"అమ్మా, ఇది పారిపోయిందంటే నమ్ముతావా?"

"నేను ఎప్పుడు నమ్మానే?" అంది రాహేలమ్మ.

లేయా తలెత్తి చూసింది.

"ఇన్ని పుస్తకాల్లోనూ బతికించుకున్నావు. నీకు ఊరటగా ఉంటుందని విన్నాను."

"నీ కోసం రాశానమ్మా. నువ్వు వింటే..."

రాహేలమ్మ చాలాసేపు విసురుకుంది. ఊపిరి అందుకుని, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "పిల్లకి ఒళ్లు కడిగింది నేను. మెడ మీద వేళ్ల గుర్తులున్నాయి. ఇటు నాలుగు, అటు ఒకటి. మెడ కప్పే జాకెట్టు తొడిగి పైదాకా గుండీలు పెట్టాను, మీ నాన్నకి కనపడకుండా."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వొక్కదానివే మిగిలావుగా."

బయట మామిడికాయల ట్రాక్టరు పోయింది.

"భయపడి ఇరవై రెండేళ్లు గడిపాం," అంది రాహేలమ్మ. "నాది అయిపోయింది. నువ్వు రాయి. దాని పేరు పెట్టే రాయి. రాసింది ఇప్పుడే వినిపించు."

లేయా ఆ అధ్యాయం మొత్తం మీద అడ్డంగా గీత కొట్టింది. కొత్త పేజీ తిప్పింది. పెన్ను పట్టుకున్న వేళ్లు మండుతున్నాయి. ఒక్కో వాక్యం రాస్తూ, రాసినదాన్ని పైకి చదువుతూ పోయింది.

"రోజీకి పంతొమ్మిదేళ్లు. ఆ తోటబావి దగ్గర తాడు లేదు, బిందె లేదు."

విసనకర్ర చప్పుడు వినపడుతూనే ఉంది.

"దాని ఒళ్లు కడిగింది మా అమ్మ రాహేలమ్మ."

వేళ్ల గుర్తుల దగ్గరికి వచ్చేసరికి లేయాకి ఏడుపు వచ్చింది. ముక్కు తుడుచుకుని, ఇటు నాలుగు, అటు ఒకటి అని చదివింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ రాసింది. అందులో రావుగారి పేరు ఉంది. ఆ పేరు గట్టిగా పలికి, అమ్మ ఏమంటుందోనని ఆగింది.

గదిలో ఏ చప్పుడూ లేదు.

రాహేలమ్మ తల గోడకి ఆనే ఉంది. కళ్లు కిటికీ వైపే తెరుచుకుని ఉన్నాయి. లేయా లేచి దగ్గరికెళ్లి, చెంప మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచింది. ఎంతవరకు విన్నదో తెలీలేదు.

పొద్దు వాలేలోపే నాగమణి వచ్చింది, పాస్టరు గారు వచ్చారు, వీధిలోవాళ్లు వచ్చారు. నలుగురు పట్టుకుని రాహేలమ్మను మంచంతో సహా వాకిట్లోకి మోసుకెళ్లారు. ఖాళీ అయిన గచ్చు మీద, మంచం కోళ్ల గుర్తుల మధ్య తాటాకు విసనకర్ర పడి ఉంది. దాని అంచులు చిట్లకుండా చుట్టూ పాత చీరపీలిక కుట్టి ఉంది, పట్టుకునే చోట పిడి నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది.